అగ్నిపర్వతం పక్కనే ఊరు: పాఠకుల ప్రశ్నలు, నిపుణుల జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు అగ్నిపర్వతాల మీదే. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం. పర్వతం లోపల ఏం జరుగుతుందన్నది మరో నెల చూద్దాం. ఈసారి మాట్లాడేది పర్వతం కింద కాపురముండే మనుషుల గురించే.

ప్రశ్న: లావా వస్తుంటే పరిగెత్తి తప్పించుకోవచ్చా?

చాలా చోట్ల పరిగెత్తక్కర్లేదు, చకచకా నడిస్తే చాలు. బిలం దగ్గర ఎంత ఉరుకుగా దూకినా, వాలు దిగి చదునుకు వచ్చేసరికి లావా చల్లబడి, చిక్కబడి, మనిషి నడకకన్నా నెమ్మదిస్తుంది. ఇల్లు పోతుంది, తోట పోతుంది, రోడ్డు పోతుంది, ప్రాణం మాత్రం దక్కుతుంది. 2021లో కానరీ దీవుల్లోని లా పాల్మాలో సెప్టెంబరు 19 నుంచి డిసెంబరు 13 దాకా లావా పారింది. వేలల్లో కట్టడాలు దాని కిందపడ్డాయి. జనాన్ని ముందే తరలించడంతో ప్రాణనష్టం దాదాపు లేదు.

మినహాయింపుగా చెప్పుకోవాల్సింది కాంగోలోని న్యీరగోంగో. లావాను చిక్కబరిచే సిలికా అనే ఖనిజ పదార్థం దాని లావాలో చాలా తక్కువ, అందుకే నీళ్ళలా పలచగా ఉంటుంది. 1977లో బిలంలోని లావా సరస్సు గంటలోపే ఖాళీ అయి, పగుళ్ళలోంచి గంటకు పదుల కిలోమీటర్ల వేగంతో ఊళ్ళ మీద పడింది. 2002 జనవరి 17న అదే పర్వతపు లావా గోమా నగరం నడిబొడ్డులోకి వచ్చింది. అప్పుడు కూడా చనిపోయినవారిలో చాలామంది లావాలో చిక్కుకున్నవారు కాదు. చుట్టూ లావా ఉన్న పెట్రోలు బంకు పేలి పదుల మంది పోయారు. ఇంధనం కోసం అక్కడికి వెళ్ళినవాళ్ళు వాళ్ళు.

మనుషులను మూకుమ్మడిగా చంపేది లావా కాదు, పైరోక్లాస్టిక్ ప్రవాహం. కాలే వాయువులు, బూడిద, రాళ్ళు కలిసి నేలను పట్టుకుని వాలు వెంట దూసుకొచ్చే మబ్బు అది. వేగం గంటకు 80 కి.మీ.కి పైనే, చాలాసార్లు వందల్లో ఉంటుంది. వేడి 200 నుంచి 700 డిగ్రీల సెల్సియస్. 1902 మే 8 ఉదయం కరీబియన్‌లోని మార్టినీక్ దీవిలో పెలే పర్వతం నుంచి అలాంటి మబ్బు ఒకటి దిగి, సెయింట్ పియెర్ పట్నాన్ని నిమిషాల్లో తుడిచిపెట్టింది. దాదాపు 28,000 మంది చనిపోయారు. పట్నం నడుమ ఉండి బతికినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాళ్ళలో ఒకడు మందపాటి గోడల జైలు గదిలో ఉన్న ఖైదీ. అలాగని గోడలు కాపాడతాయని లెక్క వేసుకోకండి. ఈ ప్రవాహానికి ఒకటే జాగ్రత్త ఉంది: అది వచ్చే సమయానికి మనం అక్కడ లేకపోవడం. కారు వేగం కూడా చాలదు. సముద్రం అడ్డున్నా నమ్మడానికి లేదు. 1883లో ఇండోనేషియాలోని క్రాకటోవా నుంచి బయల్దేరిన వేడి మబ్బు దాదాపు 40 కి.మీ. సముద్రం దాటి సుమత్రా తీరంలో జనాన్ని కాల్చింది. ఆ విస్ఫోటనంలో పోయిన 36,000 మందిలో ఎక్కువమందిని బలిగొన్నది మాత్రం దాంతోపాటు లేచిన సునామీ.

ప్రశ్న: ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉంటే క్షేమం? పని మీద ఒక అగ్నిపర్వతం దగ్గరి పట్నంలో ఆరు నెలలుండాలి. పర్వతం 50 కి.మీ. దూరమంటున్నారు. అంత దూరముంటే చాలు కదా?

ఈ ప్రశ్నకు ఒక్క అంకెతో జవాబు చెప్పేవాళ్ళను నమ్మకండి. ఒక్కో ప్రమాదానిది ఒక్కో పొడుగు. బిలం నుంచి ఎగిరిపడే రాళ్ళు సాధారణంగా అయిదు కి.మీ. లోపే పడతాయి. పైరోక్లాస్టిక్ ప్రవాహాలు తరచుగా 10, 15 కి.మీ. దాకా వస్తాయి, పెద్ద విస్ఫోటనాల్లో అంతకన్నా దూరం పోతాయి. 2010లో ఇండోనేషియాలో మెరాపీ రేగినప్పుడు ఖాళీ చేయాల్సిన పరిధిని 10 కి.మీ. నుంచి 15కు, అక్కడినుంచి 20కి పెంచుతూ పోయారు. నవంబరు 5న ప్రవాహం గెండోల్ నది లోయ పట్టుకుని 15 కి.మీ. దాటి వచ్చింది. పరిధి పెంచకపోతే చావులు వేలల్లో ఉండేవి. పెంచినా 350 మందికి పైగా పోయారు. ఇక బూడిద గాలివాటున వందల కిలోమీటర్లు పోతుంది.

మీ 50 కి.మీ. విషయంలో భయపడాల్సింది లహార్ గురించి. బూడిద, రాళ్ళు, నీళ్ళు కలిసి నది దారిలో వచ్చే బురద వరద ఇది. చూడటానికి మిల్లర్లోంచి పోసిన తడి కాంక్రీటు, కాకపోతే అందులో ఇంటంత బండలు, చెట్లు, వంతెనల ముక్కలు ఉంటాయి. నదికి గట్టు ఉన్నంత మేరా దిగుతుంది. నేల మీద కొలిచే దూరం దీనికి పట్టదు. మీ ఇల్లు నదికి ఎంత ఎత్తున ఉందన్నదే లెక్క.

కొలంబియాలోని ఆర్మెరో సంగతి వివరంగా చెప్పాలి. నెవాడో డెల్ రూయిజ్ మంచు కప్పిన అగ్నిపర్వతం. నదుల దారిలో కొలిస్తే ఆర్మెరో పట్నం దానికి 70 కి.మీ.కి పైగా దూరం. 1985 నవంబరు 13 రాత్రి తొమ్మిది దాటాక పర్వతం రేగింది. విస్ఫోటనంగా చూస్తే చిన్నదే. కానీ వేడి ప్రవాహాలు శిఖరం మీది మంచులో కొంత భాగాన్ని కరిగించాయి. ఆ నీళ్ళు బూడిదను, దారిలోని మట్టిని కలుపుకుని, దిగేకొద్దీ ఉబ్బుతూ వచ్చాయి. పదకొండున్నర ప్రాంతంలో ఆర్మెరో మీద పడ్డాయి. 20,000 మందికి పైగా సమాధి అయ్యారు. మధ్యలో రెండు గంటలకు పైగా టైముంది. పట్నం పక్కనే ఎత్తుగడ్డ ఉంది. అంతకు నెల ముందే, అక్టోబరులో, ప్రమాద పటం తయారై అధికారుల చేతికి వచ్చింది. అందులో ఆర్మెరో బురద దారిలోనే ఉంది. ఆ సాయంత్రం బూడిద పడుతుంటే జనానికి చెప్పింది మాత్రం ఇళ్ళలోనే ఉండండని. ఇంకో మాట. 1845లో కూడా అదే నది బురద దింపి వెయ్యి మంది దాకా చంపింది. ఆ బురద ఆరి చదునైన సారవంతమైన నేల మీదే తరవాత పట్నం కట్టారు.

కాబట్టి ఇల్లు అద్దెకు తీసుకునే ముందు ఈ పని చేయండి. ఆ దేశపు అగ్నిపర్వత పరిశోధన సంస్థ ప్రచురించిన ప్రమాద పటం తీసుకోండి. దాదాపు ప్రతి ప్రముఖ పర్వతానికీ ఉంటుంది, ఉచితమే. మీ వీధి పక్కన పారే ఏరు ఎక్కడ పుడుతోందో పైకి పట్టుకుపోండి. పర్వతపు వాలు మీద పుడితే ఆ ఏరు మీకు పర్వతాన్ని ఇంటిదాకా తెస్తుంది. ఏటి ఒడ్డు కోసిన చోట చూడండి. బురద గట్టిపడినట్టున్న పొరలో చిన్నా పెద్దా రాళ్ళు కలగాపులగంగా ఇరుక్కుని ఉంటే అవి పాత లహార్లు. మామూలు వరద తెచ్చిన ఇసుక, గులకరాళ్ళు సైజుల వారీగా పొరలు పొరలుగా సర్దుకుంటాయి. తరవాత ఇంటి నుంచి ఎత్తుకు పోయే దారులు రెండు వెతకండి, ఏ దారిలోనూ వంతెన దాటాల్సిన అవసరం ఉండకూడదు. రాత్రిపూట టార్చితో ఒకసారి నడిచి ఎంతసేపు పడుతుందో చూసుకోండి.

లోయలో పైనుంచి రైలు వస్తున్నట్టు ఎడతెగని గర్జన వినబడినా, నేల అదురుతున్నా, ఏటి నీళ్ళు ఉన్నట్టుండి తగ్గినా, చిక్కబడినా సైరన్ కోసం ఆగకండి. లోయ వెంబడి కిందికి పరిగెత్తడం అందరూ చేసే తప్పు, లహార్ కూడా అటే పోతుంది. పక్కకు, పైకి ఎక్కండి. మొదటి అల పోయాక సామాన్ల కోసం దిగకండి. రెండోది, మూడోది వస్తాయి.

ప్రశ్న: విస్ఫోటనం ఆగిపోతే బురద భయం కూడా పోయినట్టేనా?

పోదు. లహార్‌కు విస్ఫోటనమే అక్కర్లేదు. 1953 డిసెంబరు 24 రాత్రి న్యూజిలాండ్‌లో రుఆపేహు బిలంలోని సరస్సు గట్టు తెగి, లహార్ టాంగివాయ్ దగ్గర రైలు వంతెనను కొట్టేసింది. కాసేపటికి వచ్చిన రైలు నదిలో పడి 151 మంది పోయారు. ఆ రోజు పర్వతం రేగలేదు.

ఫిలిప్పీన్స్‌లో పినటూబో 1991 జూన్‌లో రేగింది. వాలు మీద పేరుకున్న వదులు బూడిదను ప్రతి వానాకాలమూ కిందికి దింపుతూనే ఉంది. బకోలోర్ పట్నం కూరుకుపోయింది 1995లో, అంటే నాలుగేళ్ళ తరవాత. అక్కడి చర్చి సగం ఎత్తు దాకా బురదలో ఉండిపోయింది. ఊరికి తిరిగి వెళ్ళాలా వద్దా అనే నిర్ణయం పర్వతాన్ని చూసి చేయకూడదు. వాలు మీద ఇంకా ఎంత బూడిద మిగిలిందో, ఎంత వాన పడితే అది కదులుతుందో చూసి చేయాలి.

ప్రశ్న: ఇంటి కప్పు మీద ఎంత బూడిద పేరుకుంటే ప్రమాదం? ఊడ్చేయడం మేలా, వదిలేయడం మేలా?

ముందు ఒక సంగతి. అది కట్టెలు కాలిన బూడిద కాదు. రెండు మిల్లీమీటర్లకన్నా చిన్నగా పగిలిన రాయి, గాజు, స్ఫటికాల పొడి. నీళ్ళలో కరగదు, బరువుంటుంది. పది సెంటీమీటర్ల మందం పొడిబూడిద, అప్పుడే పడి వదులుగా ఉన్నప్పుడు, చదరపు మీటరుకు 40 నుంచి 70 కిలోలు తూగుతుంది. వాన పడితే అదే మందం 100 కిలోలు దాటుతుంది. అణిగి గట్టిపడితే ఇంకా పైకి పోతుంది. వంద చదరపు మీటర్ల కప్పు అనుకుంటే పది టన్నులు.

పినటూబోలో జరిగింది ఇదే. 1991 జూన్ 15న పెద్ద విస్ఫోటనం, అదే రోజు యున్యా తుపాను. బూడిద, వాన కలిసి కప్పుల మీద పడ్డాయి. ఆ రోజు చనిపోయిన దాదాపు 300 మందిలో ఎక్కువమంది కప్పులు కూలి పోయినవాళ్ళే. వెడల్పాటి హాళ్ళు ఎక్కువగా కూలాయి. మధ్యలో స్తంభాలు లేని గోదాములు, వ్యాయామశాలలు, ప్రార్థనా మందిరాలు అన్నమాట. జనం తలదాచుకోవడానికి పరిగెత్తేది సరిగ్గా అలాంటి చోట్లకే. బూడిద దట్టంగా పడుతుంటే చిన్న గదులు, దగ్గర దగ్గరగా గోడలున్న ఇల్లు మేలు. ఏటవాలు ఎక్కువున్న కప్పు మీద బూడిద తక్కువ నిలుస్తుంది. చదునుగా ఉన్న పలచటి రేకుల కప్పు అన్నిటికన్నా అధ్వాన్నం.

తీయడం విషయానికొస్తే, కొన్ని సెంటీమీటర్లు పేరుకునే లోపే తీయాలి, వాన రాకముందే తీయాలి. అప్పటికే పది సెంటీమీటర్లు దాటి, కప్పు వంగినట్టో, దూలాలు చప్పుడు చేస్తున్నట్టో ఉంటే పైకి ఎక్కకండి, కిందా ఉండకండి. మీ బరువు కూడా కలిస్తే అదే ఆఖరు. ఎక్కగలిగే స్థితిలో ఉంటే కప్పు పైన వాన నీళ్ళు తొట్లోకి దిగే గొట్టాన్ని ముందు విప్పండి. లేకపోతే ఊడ్చినదంతా తాగే నీళ్ళలోకే పోతుంది. బూడిదను తేలికగా చిలకరించి తడపండి, దుమ్ము అణగడానికి మాత్రమే. గొట్టం పెట్టి కడిగితే బరువు పెరుగుతుంది, చూరు కాలువల్లో పేరుకుని ముద్ద కడుతుంది, వీధి డ్రైనేజీలో చేరి గట్టిపడుతుంది. రెండు పక్కలా వాలుంటే రెండువైపులా సమంగా తీయండి. ఒక పక్కే ఖాళీ చేస్తే బరువు ఒరిగిపోతుంది. నిచ్చెన కింద ఒకరు పట్టుకోవాలి. బూడిద మీద కాలు గుళికల మీద వేసినట్టు జారుతుంది. చాలా విస్ఫోటనాల్లో బూడిదవల్ల కాకుండా, బూడిద తీయబోయి కప్పు మీది నుంచి పడి దెబ్బలు తగిలినవాళ్ళు ఆస్పత్రుల్లో కనిపిస్తారు. తీసినదాన్ని సంచుల్లో నింపి మునిసిపాలిటీ చెప్పిన చోట పోయాలి. ఖాళీ స్థలంలో గుట్ట పోస్తే గాలికి మళ్ళీ మీ ఇంటికే వస్తుంది.

ప్రశ్న: ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంటే సరిపోతుందా?

సరిపోదు. తడిపినా గుడ్డ వడకట్టే గుణం పెద్దగా మారదు. ఊపిరితిత్తుల లోతుకు పోయేది నాలుగు మైక్రాన్లకన్నా (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సన్నని పొడి. దాన్ని ఆపేది ముఖానికి అంచులు అతుక్కునే ఎన్95 రకం మాస్కు. గడ్డముంటే అంచు అతుక్కోదు. శస్త్రచికిత్సలో వాడే మాస్కు గుడ్డకన్నా నయమే కాని పక్కల నుంచి గాలి దూరుతుంది, పైన మరో గుడ్డ కట్టి బిగిస్తే కాస్త మేలు. ఏమీ లేనప్పుడు గుడ్డయినా కట్టుకోండి, కాని దాన్ని నమ్మి బయట ఎక్కువసేపు పని చేయకండి. పెద్దల మాస్కు చిన్నపిల్లలకు అతకదు, పసివాళ్ళకు అసలు పెట్టకూడదు. వాళ్ళను లోపలే ఉంచాలి.

ఉబ్బసం, దీర్ఘకాలపు దగ్గు ఉన్నవాళ్ళకు మొదటి రోజు నుంచే ఇబ్బంది మొదలవుతుంది. 1980 మే 18న అమెరికాలో సెయింట్ హెలెన్స్ రేగాక, బూడిద పడిన పట్నాల ఆస్పత్రులకు శ్వాస ఇబ్బందితో వచ్చినవారు బాగా పెరిగారు. కొన్ని పర్వతాల బూడిదలో, ముఖ్యంగా బిలంలో చిక్కటి లావా గుట్టలా పేరుకున్న లావా గోపురాలు కూలి వచ్చేదానిలో, క్రిస్టోబలైట్ అనే స్ఫటిక సిలికా ఉంటుంది. ఏళ్ళ తరబడి పీల్చేవారికి, అంటే బూడిద ఎత్తే కార్మికులకు, రోడ్డు పనివాళ్ళకు సిలికోసిస్ (ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు) భయం దానివల్లే. వారం రోజులు పీల్చినవారికి ఆ జబ్బు రాదు.

కళ్ళకు కాంటాక్ట్ లెన్సులు తీసేసి పక్కలు మూసుకునే గాగుల్స్ పెట్టుకోండి. దురద పెట్టినా నలపకండి, గాజు పొడి కంటిపొరను గీస్తుంది. నీళ్ళతో కడగండి. తలుపుల కింద తడి తువ్వాళ్ళు దూర్చండి. ఇలా అన్నీ మూసుకున్న గదిలో బొగ్గుల కుంపటి గాని జనరేటర్ గాని పెట్టకండి. బూడిదకన్నా ముందు కార్బన్ మోనాక్సైడ్ చంపుతుంది.

ప్రశ్న: బూడిద పడిన నీళ్ళు మరగబెట్టి తాగొచ్చా?

మరగబెడితే సూక్ష్మజీవులు చస్తాయి. బూడిద నుంచి దిగిన ఆమ్లాలు, ఫ్లోరైడ్ పోవు, పైగా నీళ్ళు ఆవిరయ్యేకొద్దీ ఫ్లోరైడ్ చిక్కబడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు లీటరుకు 1.5 మి.గ్రా. అది నాలుకకు తెలియదు. తెలిసేది పులుపు, లోహపు రుచి. చాలా సందర్భాల్లో ప్రమాదకరం అయ్యేలోపే నీళ్ళు తాగబుద్ధి కానట్టు తయారవుతాయి, అదొక అదృష్టం. ఎక్కువ బూడిద కొద్ది నీళ్ళలో పడితే, అంటే ఇంటి మీది చిన్న తొట్టిలో పడితే, ప్రమాదం ఎక్కువ. పెద్ద జలాశయంలో పలచబడుతుంది.

మబ్బుగా ఉన్న నీళ్ళలో క్లోరిన్ సరిగ్గా పనిచేయదు, క్రిములు బూడిద రేణువుల చాటున ఉండిపోతాయి. ఒక రోజు కదపకుండా పెట్టి, పైన తేరిన నీళ్ళు వంచి, వడగట్టి, అప్పుడు క్లోరిన్ వేయాలి. అయితే నిజమైన కొరత ఇంకోచోట వస్తుంది. ఊరంతా ఒకేసారి కడగడం మొదలుపెట్టి నీటి ట్యాంకులను ఖాళీ చేస్తుంది, బూడిద తడిసి కరెంటు తీగల ఇన్సులేటర్ల మీద విద్యుత్తు దాటి సరఫరా పోతుంది, పంపులు ఆగుతాయి. హెచ్చరిక రాగానే ఉన్న పాత్రలన్నీ నింపి మూతలు పెట్టుకోండి. మనిషికి రోజుకు కనీసం మూడు, నాలుగు లీటర్లు, తాగడానికి, వంటకు.

ప్రశ్న: పశువుల సంగతేమిటి? బూడిద పలచగానే పడింది, గడ్డి కనిపిస్తూనే ఉంది అంటే మేపొచ్చా?

ఆ పర్వతపు బూడిదలో ఫ్లోరిన్ ఎంతో తేలేదాకా వద్దు. ఐస్‌లాండ్‌లోని హెక్లా లాంటి పర్వతాల బూడిద గడ్డి మీద ఒక్క మిల్లీమీటరు పడినా గొర్రెలు చస్తాయి. 1970లో అలా వేల గొర్రెలు పోయాయి. ఎంత సన్నని బూడిద అయితే అంత ఎక్కువ ఫ్లోరిన్ దాని ఒంటికి అంటుకుని వస్తుంది. అందువల్ల పర్వతానికి దూరంగా, పలచగా పడిన చోటే కొన్నిసార్లు ముప్పు ఎక్కువ. మందలను ఇంట కట్టేసి, కప్పి ఉంచిన మేత, మూసి ఉంచిన నీళ్ళు పెట్టాలి. రెండు వానలు పడి గడ్డి కడిగాక పరీక్ష చేయించి వదలాలి.

దీని పూర్తి రూపం చూడాలంటే 1783 జూన్‌లో ఐస్‌లాండ్‌లోనే మొదలై ఎనిమిది నెలలు సాగిన లాకీ విస్ఫోటనం చూడాలి. లావాతో చచ్చినవాళ్ళంటూ లేరు. గంధకపు పొగ, ఫ్లోరిన్ గడ్డిని విషం చేశాయి. గొర్రెల్లో మూడొంతులకు పైగా, ఆవుల్లో సగం పోయాయి. వాటి వెనకే కరవు వచ్చి దేశ జనాభాలో అయిదోవంతుకు తక్కువ కాకుండా తీసుకుపోయింది. 1815 ఏప్రిల్‌లో ఇండోనేషియాలో టాంబోరా రేగినప్పుడు కూడా నేరుగా చచ్చినవారికన్నా పంట, నీరు లేక ఆకలితో, జబ్బులతో చచ్చినవారే ఎక్కువ.

ప్రశ్న: బూడిద పొలానికి బలమంటారు కదా?

తరతరాల మీద బలమే. ఈ ఏడాదికి కాదు. కొన్ని మిల్లీమీటర్లయితే దున్నేటప్పుడు మట్టిలో కలిసిపోతుంది. పది, పదిహేను సెంటీమీటర్లు దాటితే కింద మట్టికి గాలి, నీరు అందవు, ఆ పొలం ఏళ్ళకేళ్ళు పోయినట్టే.

ప్రశ్న: విస్ఫోటనం లేకుండానే అగ్నిపర్వతం మనుషులను చంపుతుందా?

చంపుతుంది. కామెరూన్‌లో న్యోస్ సరస్సు అగ్నిపర్వత బిలంలో నిండిన నీళ్ళు. అడుగున ఏళ్ళ తరబడి కార్బన్ డయాక్సైడ్ కరిగి పేరుకుంది. 1986 ఆగస్టు 21 రాత్రి అది ఒక్కసారిగా పైకి పొంగింది. గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి లోయలు పట్టుకుని నేల మీదే పారింది. 25 కి.మీ. దాకా పోయి, నిద్రలో ఉన్న 1,700 మందికి పైగా ఊపిరి తీసింది. పశువులు 3,500 దాకా చచ్చాయి. 2001 నుంచి సరస్సు అడుగుకు గొట్టాలు దింపి ఆ వాయువును కొద్దికొద్దిగా బయటికి వదిలేస్తున్నారు.

ముందు చెప్పిన కాంగో నగరం గోమా పరిసరాల్లో పల్లపు గుంటల్లో ఇదే వాయువు నిలిచి ఉంటుంది. అక్కడివాళ్ళు ఆ చోట్లను మజూకు అంటారు. పెద్దవాడు నిలబడి దాటిపోతాడు, చేయి పట్టుకుని నడిచే పిల్లవాడు కూలిపోతాడు. అలాంటి ప్రాంతంలో నేలమాళిగలోకి, గుంటలోకి దిగకండి, నేల మీద పడుకోకండి. పడిపోయినవాడిని లేపడానికి దిగి రెండోవాడు కూడా పోవడం ఇక్కడ మామూలు. తాడు వేసి లాగాలి, లేదా సొంత ఆక్సిజన్ ఉన్నవాళ్ళు దిగాలి. ఈ వాయువుకు వాసన లేదు. గాలిని వడగట్టే మాస్కు దీనికి పనికిరాదు.

సల్ఫర్ డయాక్సైడ్ వేరు. అగ్గిపుల్ల గీసినట్టు ముక్కుకు కొట్టి హెచ్చరిస్తుంది. దానికి కిటికీలు మూసుకోవడం, గాలివాటుకు అడ్డంగా జరగడం, ఉబ్బసం మందు దగ్గర పెట్టుకోవడం.

ప్రశ్న: శాస్త్రవేత్తలు ఖాళీ చేయమంటారు, చివరికి ఏమీ జరగదు. అలాంటప్పుడు ఎందుకు నమ్మాలి?

ఏమీ జరగని సందర్భాలు ఉన్నాయి, దాచక్కర్లేదు. 1976లో కరీబియన్‌లోని గ్వాడలూప్ దీవిలో 70 వేల మందికి పైగా జనాన్ని నెలల తరబడి తరలించారు, పెద్ద విస్ఫోటనం రాలేదు. 1980ల మొదట్లో ఇటలీలోని పొజువోలీలో నేల 1.8 మీటర్ల దాకా లేచింది, 40 వేల మంది ఇళ్ళు వదిలారు, అక్కడా రాలేదు. మాగ్మా, అంటే నేల లోపలి కరిగిన రాయి, పైకి కదులుతోందని భూకంప లేఖినులు, జీపీఎస్ కొలతలు, వాయువుల లెక్క చెబుతాయి. అది పైదాకా వస్తుందో, మధ్యలోనే ఆగిపోతుందో ఏ పరికరమూ ఖాయంగా చెప్పదు. ఆర్మెరోలో అధికారులు తటపటాయించడానికి ఒక కారణం, ఊరికే తరలించామన్న మాట పడాల్సి వస్తుందన్న భయం.

పినటూబోలో మొదటి ఆవిరి పేలుళ్ళు ఏప్రిల్ 2న, పెద్ద విస్ఫోటనం జూన్ 15న. ఆ పది వారాల్లో పరికరాలు పెట్టి, హెచ్చరిక స్థాయి మెట్టు మెట్టుగా పెంచి, పదుల వేల మందిని తరలించారు. దక్కిన ప్రాణాలు కనీసం 5,000 అని లెక్క. మనం అడగాల్సింది కచ్చితమైన తేదీ కాదు, ఇప్పుడు స్థాయి ఎంత, తరవాతి స్థాయికి వెళ్ళినప్పుడు మన వీధి ఏం చేయాలి అన్నది. స్థాయిల అంకెలు దేశాన్ని బట్టి మారతాయి: ఇండోనేషియాలో నాలుగు, జపాన్‌లో ఒకటి నుంచి అయిదు, ఫిలిప్పీన్స్‌లో సున్నా నుంచి అయిదు. కాబట్టి మూడో స్థాయి అన్న వార్త వింటే ఏ దేశం మూడో ముందు చూడండి.

బిలం అంచుదాకా ఎక్కే పర్యాటకులకు ఇంకో మాట. నీరు ఆవిరై పేలే విస్ఫోటనాలకు ముందస్తు సూచన దాదాపు ఉండదు. జపాన్‌లో ఒంటాకే 2014 సెప్టెంబరు 27న మధ్యాహ్నానికి కాస్త ముందు పేలినప్పుడు హెచ్చరిక అన్నిటికన్నా కింది స్థాయిలోనే ఉంది. శిఖరం మీద భోజనాలకు కూర్చున్నవారిలో 63 మంది చనిపోవడమో, గల్లంతవడమో జరిగింది. ఎక్కువమందిని చంపింది ఎగిరిపడిన రాళ్ళు. 2019 డిసెంబరు 9న న్యూజిలాండ్‌లోని వైట్ ఐలాండ్ మీద ఉన్న 47 మందిలో 22 మంది పోయారు. బిలం దగ్గర హెల్మెట్ పెట్టుకోండి, ఆగకుండా చూసి దిగండి, భోజనం కిందికి వచ్చాక.

ప్రశ్న: తరలించాక శిబిరంలో క్షేమమే కదా?

పర్వతం నుంచి క్షేమమే. పినటూబో వాలు మీది ఆయ్‌టా తెగవాళ్ళు విస్ఫోటనం తప్పించుకుని శిబిరాలకు చేరారు. అక్కడ తట్టు, విరేచనాలు, న్యుమోనియాతో వందల్లో చనిపోయారు, ఎక్కువగా పిల్లలు. టీకాలు లేవు, కిక్కిరిసిన గుడారాలు, చాలని నీళ్ళు. శిబిరం తెరిచిన మొదటి వారంలోనే తట్టు టీకా వేయాలి. మరుగుదొడ్లు, తాగునీరు గుడారాలకన్నా ముందు సిద్ధం కావాలి.

శిబిరాలు వారాలకోసం కడతారు, ఏళ్ళు నడుస్తాయి. కరీబియన్‌లోని మాంట్‌సెరాట్ దీవిలో 1995లో మొదలైన విస్ఫోటనం రాజధాని ప్లిమత్‌ను పూడ్చేసింది. జనంలో మూడింట రెండొంతులు దీవి విడిచారు. 1997 జూన్ 25న నిషిద్ధ ప్రాంతంలో 19 మంది ప్రవాహాల్లో చిక్కి చనిపోయారు. వాళ్ళలో పంట చూసుకోవడానికి తిరిగి వెళ్ళిన రైతులున్నారు. మెరాపీలో కూడా పాలు పితకడానికి రోజూ నిషిద్ధ పరిధిలోకి పోయివచ్చేవారు. పశువులను మనుషులతోపాటు తరలించే ఏర్పాటు లేని ప్రణాళిక సగం ప్రణాళికే. జనం మొండితనమని కసిరితే లాభం లేదు.

ప్రశ్న: బూడిద పడుతుంటే కారు నడపొచ్చా?

తప్పనిసరైతేనే. ఒక మిల్లీమీటరు బూడిదకే రోడ్డు గీతలు మాయమవుతాయి, బ్రేకు వేస్తే జారుతుంది. గంటకు 50 కి.మీ. దాటకండి, ముందు బండికి బాగా ఎడం ఇవ్వండి. పొడి అద్దం మీద వైపర్లు వేస్తే గీతలు పడి అద్దం పాడవుతుంది, నీళ్ళు ధారగా కొట్టాకే వేయండి. దట్టమైన దుమ్ములో నడిపితే ఇంజన్ ఆయిల్ 80 నుంచి 160 కి.మీ.లకోసారి మార్చాలి, ఎయిర్ ఫిల్టర్ అంతకన్నా తరచుగా దులపాలి. ఫిల్టర్ పూర్తిగా మూసుకుపోతే బండి నడిరోడ్డు మీద ఆగుతుంది. అందుకే ఖాళీ చేయమన్న మాట బూడిద మొదలవకముందే వస్తే, సాయంత్రం వెళ్దామనుకోకుండా అప్పుడే బయల్దేరండి.